ఎవరూ వద్దనలేదు, అయినా డిలీట్ చేశారు

ప్రశ్న: మా అమ్మాయికి 21 ఏళ్లు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఫీజుల పెంపు మీద విద్యార్థులంతా కలిసి ర్యాలీ తీస్తున్నారట. తనూ వెళ్తానంది. రాత్రి కూర్చుని ఒక అట్ట మీద స్కెచ్ పెన్నులతో ఏదో రాసుకుంది. అది చూసి నాకు గుండె గుభేల్మంది. కేసు పడితే రేపు ఉద్యోగం ఏమవుతుంది, పాస్‌పోర్టు ఏమవుతుంది? "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని చెప్పి చూశాను. "అడగందే అమ్మయినా పెట్టదు నాన్నా" అంది. తను నిద్రపోయాక ఆ అట్ట తీసి బీరువా వెనక పెట్టేశాను. పొద్దున్నే తెలిసిపోయింది. 9 రోజులైంది, ఇంట్లో మాటల్లేవు. ర్యాలీ వాయిదా పడి వచ్చే వారానికి మారింది.

నేనేమీ పిరికివాణ్ణి కాదు. కానీ మొన్న పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఒక మాట రాసి, రెండు నిమిషాల్లో డిలీట్ చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అయినా తీసేశాను. ప్రజాస్వామ్యంలో కూడా ఈ భయం దేనికి? నాది తప్పా, అమ్మాయిది తప్పా? ఇంకొకటి కూడా అడగాలి. రోడ్డు మీద కూర్చుని పదిమందిని ఇబ్బంది పెట్టడం కూడా హక్కేనా?
ఒక తండ్రి

సమాధానం: నమస్కారం. మీ ఉత్తరం నిండా అమ్మాయి గురించే ఉంది. నా చూపు మాత్రం మీరు డిలీట్ చేసిన ఆ మెసేజ్ దగ్గర ఆగిపోయింది. ముందు దాని సంగతి చూద్దాం, అమ్మాయి దగ్గరికి తర్వాత వద్దాం.

ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగింది? పోలీసులు రాలేదు. నోటీసు రాలేదు. గ్రూపులో ఎవరూ తిట్టలేదు. మీరు రాసిన మాట రాయకూడదని చెప్పే చట్టం ఏదైనా ఉందేమో మీరు వెతకలేదు, వెతికినా బహుశా దొరికేది కాదు. కానీ మీ మనసులో ఒక లెక్క నడిచింది. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే? అది ఆఫీసులో ఎవరి చేతికైనా వెళ్తే? లెక్క తేలేసరికి వేలు డిలీట్ బటన్ మీద ఉంది. లాయర్లు దీన్ని చిల్లింగ్ ఎఫెక్ట్ అంటారు. మనం ఇళ్లల్లో "ఎందుకొచ్చిన గొడవ" అంటాం.

మాట మీద దాడి అనగానే మనకు సెన్సార్ ఆఫీసరు, జైలు గది కళ్ల ముందు కనిపిస్తాయి. నియంతల దేశాల్లో అలాగే ఉంటుంది. ప్రజాస్వామ్య దేశాల్లో మాట్లాడొద్దని సూటిగా అనడం కష్టం, రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకని మాట్లాడటాన్ని ఖరీదైన పనిగా మారుస్తారు. అనుమతికి షరతులు, ఆఖరి నిమిషంలో మారే షరతులు, కేసు, వాయిదాలు, లాయరు ఫీజు, పరువునష్టం దావా. చివరికి కోర్టులో గెలిచేది మీరే కావచ్చు. గెలిచేలోపు చెప్పులు అరిగిపోతాయి. అది చూసిన పక్కింటాయన ఇంకెప్పుడూ నోరెత్తడు. అసలు పని అక్కడ పూర్తవుతుంది.

2012 నవంబరులో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై మూతపడింది. దగ్గర్లోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి, ఈ బంద్ దేనికని ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. రాసినందుకు ఒకరిని, లైక్ కొట్టినందుకు ఒకరిని. ఇద్దరూ మీ అమ్మాయి ఈడు వాళ్లే. ఆ కేసు తర్వాత మూతపడింది. అప్పట్లో ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ ఉండేది. ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగించే మెసేజ్ పంపితే మూడేళ్ల దాకా జైలు. చిరాకుకు కొలత ఏమిటో ఎవరికీ తెలియదు. శ్రేయా సింఘల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది.

కథ కంచికి వెళ్లిందనుకున్నారు అందరూ. 2021లో చూస్తే, కొట్టేసిన ఆ సెక్షన్ కిందే పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారు. సుప్రీంకోర్టు జడ్జీలే విస్తుపోయారు. ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించడానికి వీల్లేదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. చచ్చిన పాము కూడా ఏడేళ్లు బుస కొట్టింది. మీ వేలు డిలీట్ మీదకి ఎందుకు వెళ్లిందో నాకు అర్థమైంది అనడానికే ఇదంతా చెప్పాను.

ఇది ఒక్క దేశం జబ్బు కూడా కాదు. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు అని చెప్పుకునే చోటికి వెళ్దాం. 2023 మే 6, లండన్. చార్లెస్ రాజు పట్టాభిషేకం. రాజరికం వద్దనే వాళ్ల సంస్థ ఒకటి ఉంది, పేరు రిపబ్లిక్. ఫలానా చోట నిలబడి నినాదాలు చేస్తామని పోలీసులతో ముందే మాట్లాడుకున్నారు. పొద్దున్నే వ్యాన్ లోంచి ప్లకార్డులు దించుతున్నారు. ప్లకార్డులు చెదిరిపోకుండా కట్టలుగా బిగించడానికి బెల్టులు వాడారు, మనం సూట్‌కేసుకు చుట్టుకుంటామే, అలాంటివి. సరిగ్గా మూడు రోజుల ముందు ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. నిరసనకారులు తమను తాము దేనికైనా కట్టేసుకోవాలనే ఉద్దేశంతో సామాను వెంట ఉంచుకున్నా నేరమే. ఈ బెల్టులు ఆ సామానేమో అని పోలీసులకు అనుమానం వచ్చింది. ఆరుగురిని పట్టుకెళ్లారు. సంస్థ అధిపతి గ్రాహం స్మిత్‌ను సుమారు 16 గంటలు లోపలే ఉంచారు. తర్వాత కేసేమీ లేదన్నారు, విచారం కూడా వ్యక్తం చేశారు. విచారం ఎప్పుడైనా వ్యక్తం చేయొచ్చు. పట్టాభిషేకం మాత్రం ఆ రోజే జరిగింది, ప్లకార్డులు కట్ట విప్పకుండానే.

ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఈసారి మీ బీరువా వెనకున్న అట్ట కూడా గుర్తొచ్చింది. మిమ్మల్ని పోలీసులతో పోల్చడం లేదు లెండి. కానీ ఆలోచించండి, వాళ్లు వ్యాన్ దగ్గరికి మనుషుల్ని పంపి చేసిన పనిని మీరు ఇంట్లో చెప్పులు కూడా వేసుకోకుండా చేసేశారు, అదీ ఉచితంగా.

డబ్బున్నవాళ్లు వేసే దావాలది ఇంకో దారి. మాల్టాలో అవినీతి మీద రాసిన విలేకరి డాఫ్నీ కరువానా గలీజియాను 2017 అక్టోబరు 16న కారు బాంబుతో చంపేశారు. ఆ రోజుకి ఆమె మీద 40కి పైగా పరువునష్టం కేసులు నడుస్తున్నాయి. ఒక మంత్రి వేసిన దావాలో ఆమె బ్యాంకు ఖాతాలే స్తంభించాయి. ఆమె పోయాక కొన్ని కేసులు ఆమె కుటుంబం మీద సాగాయి. ఇలాంటి నోరు నొక్కే దావాలను మొదట్లోనే కొట్టేయడానికి వీలుగా 2024లో యూరోపియన్ యూనియన్ నిబంధనలు తెచ్చింది. జనం వాటిని డాఫ్నీ చట్టం అని పిలుస్తున్నారు. ఇది మీ అమ్మాయికి వచ్చే ప్రమాదం కాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

ఇక, మీ భయం తప్పా అన్న ప్రశ్న. తప్పని నేను అనను. మీరు లోకాన్ని సరిగ్గానే చూశారు. కాకపోతే కేసు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ ఒకే మూటలో కట్టి నెత్తిన పెట్టుకున్నారు. ఆ మూట విప్పండి. ముందుగా సమాచారం ఇచ్చి, అనుమతి అవసరమైన చోట తీసుకుని, పగటిపూట జరిగే విద్యార్థుల ర్యాలీల్లో ఎక్కువ భాగం ఎలా ముగుస్తాయో తెలుసా? గొంతు బొంగురుపోయి, కాళ్లు నొప్పులతో పిల్లలు ఇంటికొస్తారు. అంతే. కొన్నిసార్లు పోలీసులు వ్యాన్లు ఎక్కించి సాయంత్రం వదిలేస్తారు. అది చూడటానికి భయంగా ఉంటుంది, కానీ అది శిక్ష కాదు. కేసు నమోదు కావడం అంతకన్నా అరుదు, అదే నిజంగా బరువైనది. ఉద్యోగ దరఖాస్తుల్లో "మీ మీద కేసులేమైనా ఉన్నాయా" అనే గడి ఒకటి ఉంటుంది కదా, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పిల్లలకు ధైర్యం చెప్పే పెద్దమనుషుల్లో కొందరు ఆ గడి సంగతి దాచిపెడతారు. అది అన్యాయం. మీరు దాచకండి, అమ్మాయికి చెప్పండి. కానీ కేసు ప్రమాదం గురించి చెప్పేటప్పుడు మామూలు ర్యాలీని కూడా అంతే పెద్దది చేసి చూపిస్తే తను మీ మాట ఏదీ నమ్మదు. బీరువా వెనక్కి అట్ట వెళ్లిన రోజే సగం నమ్మకం పోయి ఉంటుంది.

తండ్రుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. 1965 డిసెంబరులో అమెరికాలోని డెమోయిన్‌లో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల గుడ్డ కట్టుకుని స్కూలుకు వెళ్లారు. వాళ్లలో మేరీ బెత్ టింకర్‌కు 13 ఏళ్లు. నినాదం లేదు, అల్లరి లేదు, వట్టి గుడ్డ ముక్క. స్కూలు సస్పెండ్ చేసింది. ఇంటికి బెదిరింపులు వచ్చాయి. పిల్లలు మైనర్లు కదా, వాళ్ల తరఫున కోర్టుకెక్కింది వాళ్ల నాన్నలు. కింది కోర్టుల్లో ఓడిపోయారు. 1969లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు తీర్పు చెప్పింది. విద్యార్థులు స్కూలు గేటు దగ్గర తమ భావప్రకటన హక్కును వదిలేసి లోపలికి రారు అని. ఆ నాన్నలకు భయం లేదని నేననుకోను. మూడేళ్లకు పైగా కోర్టు మెట్లు ఎక్కీ దిగీ ఉంటారు, భయం లేకుండా ఎలా ఉంటుంది?

రోడ్డు ప్రశ్న మంచి ప్రశ్న. చాలామంది అడుగుతారు, కానీ ఎక్కువమంది అడిగేది నోరు మూయించడానికే. మీరు తెలుసుకోవడానికి అడిగారనే అనుకుంటున్నాను.

1965లోనే, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో సెల్మా అనే ఊరు. నల్లజాతీయులకు ఓటు హక్కు కాగితం మీద ఉంది, పేరు నమోదు చేసే ఆఫీసుకు వెళ్తే లేదు. సెల్మా నుంచి రాజధాని మాంట్‌గమరీకి హైవే మీద నడిచి వెళ్తామన్నారు. 50 మైళ్లకు పైనే. గవర్నర్ జార్జ్ వాలస్ కుదరదన్నాడు. కారణం ఏం చెప్పాడనుకున్నారు? జాతి గురించి ఒక్క ముక్క లేదు. హైవే మీద రాకపోకలకు అడ్డం, జనం భద్రతకు ముప్పు. మీ ప్రశ్నే. మార్చి 7న సుమారు 600 మంది వంతెన దాటుతుంటే రాష్ట్ర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. ముందు నడుస్తున్న యువకుడు జాన్ లూయిస్ పుర్రె చిట్లింది. తర్వాత ఆయన ఎన్నో ఏళ్లు అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నాడు, అది వేరే కథ.

ఆ గొడవ ఫ్రాంక్ జాన్సన్ అనే ఫెడరల్ జడ్జి ముందుకు వచ్చింది. ఆయన మార్చి 17న ఇచ్చిన ఉత్తర్వు నాకు చాలా ఇష్టం. ఇలా హైవే మీద ఇంత దూరం నడవడం రాజ్యాంగం ఇచ్చే స్వేచ్ఛ అంచుదాకా వెళ్తోందని ఆయన ఒప్పుకున్నాడు. అయినా, జరిగిన అన్యాయం ఎంత పెద్దదో, దాని మీద నిరసన తెలిపే హక్కు కూడా ఆ మేరకు పెద్దదవుతుందన్నాడు. సరే, ఇంతవరకు గొప్ప మాట. దాని కింద ఒక చిన్న షరతు ఉంది, నాకు అది ఇంకా ఇష్టం. రోడ్డు నాలుగు వరసలుగా ఉన్నచోట ఎంతమందైనా నడవండి. రెండు వరసలకు కుంచించుకుపోయినచోట 300 మందికి మించొద్దు. రోడ్డు మీదే అని నిరసనకారులకు రాసివ్వలేదు, ఇంటికి పొమ్మనీ అనలేదు. రోడ్డు వెడల్పు కొలిచి, అన్యాయం కొలిచి, రెంటికీ సరిపోయేలా ఒక అంకె వేశాడు. వాళ్లు ఆ అంకె పాటించి నడిచారు. మాంట్‌గమరీలో అడుగుపెట్టేసరికి సుమారు 25,000 మంది అయ్యారు. ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది.

కాబట్టి, ఇబ్బంది కలగడం ఒక్కటే ఆపడానికి కారణం కాదు. ఇబ్బంది ఎంత, ఎంతసేపు, దేనికోసం అన్నవి చూడాలి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2020లో ఈ విషయం మీద వివరంగా రాసింది. రాకపోకలు ఆగడం, కాస్త తోపులాట జరగడం హింస కిందికి రావు. గుంపులో ఎవడో ఒకడు రాయి విసిరినంత మాత్రాన మిగతా వాళ్లందరూ హింసకు దిగినట్టు కాదు. అదే ఏడాది అక్టోబరులో, ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో రోడ్డు మీద సాగిన నిరసన కేసులో మన సుప్రీంకోర్టు, రోడ్డును నిరవధికంగా ఆక్రమించడం కుదరదని, నిరసనలు కేటాయించిన చోట్లలో జరగాలని చెప్పింది. "నిరవధికంగా" అన్న మాట దగ్గర నేను కోర్టుతోనే ఉన్నాను. "కేటాయించిన చోటు" అన్న మాట దగ్గర నాకు మనసొప్పదు. ఊరికి దూరంగా, వినేవాడు లేని మైదానంలో అరుచుకోమంటే అది అనుమతా, వెలివేతా? అలాగని అంబులెన్స్‌కు దారివ్వని వాళ్లకు నేను చప్పట్లు కొట్టను. వాళ్ల కారణం ఎంత గొప్పదైనా సరే.

శిక్ష కూడా తప్పుకు తగ్గట్టు ఉండాలి. 2022 నవంబరులో లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డును కొందరు పర్యావరణ నిరసనకారులు స్తంభాలెక్కి ఆపేశారు. జనం గంటల తరబడి ఇరుక్కుపోయారు. శిక్ష పడాల్సిందే అని మీరంటే నేను వాదించను. కానీ ఆ పని కోసం ఒక జూమ్ కాల్‌లో పథకం వేసినందుకు 2024 జులైలో రోజర్ హాలమ్‌కు 5 ఏళ్లు, మిగతా నలుగురికి తలా 4 ఏళ్లు జైలు వేశారు. అప్పీలులో హాలమ్ శిక్షను 4 ఏళ్లకు తగ్గించారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. ఆ దేశంలోనే ఇంకో చిత్రం జరిగింది. నిరసనల వల్ల "తీవ్రమైన" అంతరాయం కలిగితే పోలీసులు షరతులు పెట్టొచ్చని చట్టంలో ఉంది. 2023లో ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చి, తీవ్రమైన అంటే "స్వల్పం కన్నా ఎక్కువ" అని అర్థం మార్చేసింది. ఏ నిఘంటువులోనూ దొరకని అర్థం. 2024 మేలో హైకోర్టు అది చెల్లదంది, 2025 మేలో అప్పీలు కోర్టు కూడా అదే మాట చెప్పింది. మధ్యలో ఆ అర్థంతోనే అరెస్టయినవాళ్ల సంగతి ఏమిటో మీరే ఊహించుకోండి.

అమ్మాయికి మద్దతిచ్చే ముందు, లేదా ఆపే ముందు, మిమ్మల్ని మీరు ఒకటి అడగాలి. మీకు అస్సలు గిట్టని వాళ్ల ర్యాలీకి కూడా ఇదే కొలబద్ద పెడతారా? ఈ ప్రశ్న అమ్మాయి కూడా వేసుకోవాలి. ఇది కష్టమైన ప్రశ్న, నాకూ కష్టమే. 1977లో అమెరికాలో కొందరు నాజీవాదులు స్కోకీ అనే ఊళ్లో ఊరేగింపు తీస్తామన్నారు. హిట్లర్ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు చాలామంది ఉన్న ఊరది. ఊరివాళ్లు ఆపాలని చూశారు. నాజీల తరఫున కోర్టులో నిలబడింది ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ. దాని అధిపతి ఆర్యే నయర్ స్వయంగా నాజీ జర్మనీ నుంచి చిన్నతనంలో తప్పించుకొచ్చిన యూదు. వేలమంది సభ్యులు సంస్థను వదిలేసి వెళ్లారు. సంస్థ కేసు గెలిచింది. చివరికి ఆ ఊరేగింపు స్కోకీలో జరగనే లేదు, వాళ్లు షికాగోకు మార్చుకున్నారు. ఇవాళ వీళ్లను ఆపడానికి ఇచ్చిన అధికారం రేపు మనల్ని ఆపుతుందన్నది నయర్ వాదన. నేను సగం రోజులు ఆయనతో ఏకీభవిస్తాను, సగం రోజులు స్కోకీలోని ఆ ముసలివాళ్ల వైపు ఉంటాను.

కెనడాలో 2022 ఫిబ్రవరిలో లారీ డ్రైవర్లు రాజధాని ఒట్టావా వీధులను వారాల తరబడి దిగ్బంధం చేస్తే, ప్రభుత్వం అత్యవసర చట్టం కింద కోర్టు ఆదేశం లేకుండానే కొందరి బ్యాంకు ఖాతాలు స్తంభింపజేసింది. విచారణ కమిషన్ సమర్థించింది, 2024 జనవరిలో ఫెడరల్ కోర్టు తప్పుపట్టింది. ఆ డ్రైవర్లంటే చిరాకుపడ్డవాళ్లు చాలామంది ఖాతాలు ఆపడాన్ని చూసి ఊరుకున్నారు. ఖాతా ఎవరిదైతే ఏం?

ఈ జవాబులో నేనూ ఒక వాక్యం రాసి, చెరిపి, మళ్లీ రాశాను. ఏ వాక్యమో చెప్పను. మీరు ఒంటరివారు కాదని చెప్పడానికే ఇది.

ఇప్పుడు అమ్మాయి సంగతి. ముందు అట్ట దాచినందుకు సారీ చెప్పండి. చెప్పాక "కానీ" అనకండి. 9 రోజుల మౌనం తర్వాత "కానీ" వినగానే తను గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. ఆ తర్వాత కూర్చోబెట్టి, కండిషన్లు పెట్టినట్టు కాకుండా, తెలియక అడిగినట్టే అడగండి. ర్యాలీ ఎవరు పెడుతున్నారు, పోలీసులకు చెప్పారా, వాళ్లు ఏం షరతులు పెట్టారు, ఆ కాగితం నువ్వు చూశావా? చూడకపోతే నిర్వాహకుల్ని అడిగి ఫొటో తెప్పించుకోమనండి. చాలామంది పిల్లలు నినాదాలు బట్టీ పడతారు గానీ అనుమతి పత్రం మీద ఎన్ని గంటలకు ముగించాలని ఉందో చూడరు. ఆ ముగింపు టైమ్ దాటితే గొడవ మొదలు కావచ్చు.

ఒంటరిగా వెళ్లొద్దు, ఒక స్నేహితురాలితో జంటగా ఉండాలి, ఒకరిని వదిలి ఒకరు కదలకూడదు. లాయర్ నంబరు, మీ నంబరు ముంజేతి మీద బాల్ పెన్నుతో రాసుకోమనండి. ఫోన్ తీసుకుంటే, లేదా చార్జింగ్ అయిపోతే, ఈ రోజుల్లో ఎవరికీ ఒక్క నంబరూ గుర్తుండదు. ఫోన్‌కు వేలిముద్ర తీసేసి ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. పక్కవాళ్ల ముఖాలు కనిపించే ఫొటోలు ఆ రోజు ఎక్కడా పెట్టకూడదు, తనకు భయం లేకపోవచ్చు, ఫొటోలో ఉన్న పిల్ల ఇంట్లో ఇంకో నాన్న ఉంటాడు. ఎవడైనా రాయి తీశాడంటే, వాడు ఎవరి మనిషైనా సరే, ఆ క్షణమే పక్క వీధిలోకి వచ్చేయాలి. పోలీసులు మైకులో చెదిరిపొమ్మని చెప్పినా అంతే, అక్కడ నిలబడి చట్టం వాదించడానికి అది కోర్టు కాదు.

ఒకవేళ పట్టుకెళ్తే అరవొద్దు, పెనుగులాడొద్దు. ఎందుకు పట్టుకున్నారని మర్యాదగా అడగాలి. ప్రజాస్వామ్యమని చెప్పుకునే ఏ దేశమైనా ఆ ప్రశ్నకు జవాబివ్వాలి. మన రాజ్యాంగంలో అది 22వ అధికరణం. అరెస్టుకు కారణం చెప్పాలి, లాయర్‌తో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. ఈ మాటలు మీ నోటితో మీరే చెప్పండి. ఇవన్నీ చెప్పగలిగే నాన్న ఉన్నాడని తెలిస్తే తను ఇంకా జాగ్రత్తగా ఉంటుంది. మీకు కూడా ఆ రోజు చేయడానికి ఒక పని ఉంటుంది. ఫోన్ దగ్గర పెట్టుకుని ఎదురుచూడటం కూడా పనే.

మీ సామెత గురించి చిన్న మాట. నోరు మంచిదైతే అన్నారు గానీ, నోరు మూసుకుంటే అనలేదు పెద్దలు. మీ వాట్సాప్ మెసేజ్ మళ్లీ పెట్టమని నేను చెప్పను, అది మీ ఇష్టం. రాసింది నిజమే అయితే, మర్యాదగానే రాసి ఉంటే, ఈసారి తీసేసే ముందు రెండు నిమిషాలు కాకుండా ఒక పూట ఆగి చూడండి.

ఇంత పెద్ద ఉత్తరం రాశారు, ఆ అట్ట మీద ఏం రాసుందో మాత్రం ఎక్కడా రాయలేదు. చదవకుండానే దాచేశారా? ఇవాళ రాత్రి బీరువా జరిపి దాన్ని తీయండి, దుమ్ము తుడిచి, చదివి, తను పొద్దున లేచేసరికి బల్ల మీద పెట్టండి. దాన్ని కర్రకు బిగించి ఉంటే ఆ కర్ర తీసేయమనండి. చాలాచోట్ల పోలీసులు కర్రలు ఒప్పుకోరు. అట్టను రెండు చేతులతో పట్టుకుంటే చాలు.